మధ్యమాధికారి

మంచుకొండలపై జారు క్రీడను నేర్చుకొనుచు, తొలినాళ్ల పతనభయమును దాటి, నిపుణుల పంక్తికి మాత్రము ఇంకను చేరని మనుష్యుడొకడు అంగడిలో రెండు జతల స్కీల యెదుట నిలిచి, వీనిలో తనకు దగినదేదో నిశ్చయింపజాలక తటపటాయించుట చూచువారికి కేవలము బేరమునకు సంబంధించిన చిన్న చిక్కుగా దోచును గాని, నాకు అందులో మన వేదాంతులు తరతరములుగా చర్చించుచు వచ్చిన అధికారిభేద సమస్యయే, అనగా ఎవరి యోగ్యతకు ఏది తగునను ప్రశ్నయే, వేషము మార్చుకొని కనబడుచున్నది. మంచు ఎరుగని శ్రీకాకుళ, విజయనగర ప్రాంతములవాడు మంచుక్రీడను గూర్చి వ్రాయుట విడ్డూరమే. మనకు ఇరుగున నున్న మహేంద్రగిరి 1,501 మీటర్ల యెత్తున నిలిచియు హిమకిరీటము నెరుగదు. మన పిల్లలు జారినది చెరువుగట్లపైనను, సముద్రపు ఇసుకదిబ్బలపైనను మాత్రమే. ఐనను, ఉద్దానపు కొబ్బరితోటల నీడను పెరిగినవారి సంతతి ఉద్యోగార్థము కొలరాడోకును స్విట్జర్లాండునకును బోయి, శీతకాలపు సెలవులలో కొండలెక్కి దిగుచున్న ఈ దినములలో, ఏ జత కొనవలెనను ప్రశ్న ఫోనులో మన ఇండ్లకును వచ్చుచున్నది. వచ్చిన ప్రశ్నను మనకున్న సామగ్రితో విచారించుట తప్పు గాదు.

ఆ రెండు జతల స్వభావమును ముందుగా తెలిసికొనవలెను. మొదటిదానిని పిస్ట్ స్కీ యందురు. రాత్రివేళ యంత్రములతో త్రొక్కించి, చదును చేసి, గట్టిపరచిన వాలుపైన పోవుటకే అది పుట్టినది. పాదము క్రింద దాని వెడల్పు సాధారణముగా 65 మొదలు 80 మిల్లీమీటర్ల వరకు ఉండును. ఇంత సన్నని నడుమగుటచే ఉక్కు అంచు పాదమునకు దాపుననే యుండి, మోకాలు కొంచెము వాలిన తోడనే గట్టి మంచులో దిగబడును, ఒక ప్రక్క అంచునుండి రెండవ ప్రక్క అంచునకు మారుటయు రెప్పపాటులో జరిగిపోవును. రెండవది ఆల్ మౌంటెన్ స్కీ. దాని నడుము 80 మొదలు 100 మిల్లీమీటర్ల దాక పోవును. ముక్కు ముందునుండియే మెల్లగా పైకి లేచియుండుటచే మెత్తని మంచులో కూరుకొనిపోక తేలును, త్రొక్కుడుపడి గుట్టలు గుట్టలైన మంచుమీదను, ఎవ్వరును చదును చేయని వాలుమీదను ఏదో యొక రీతిగా దారి చేసికొనును. అందులకు మూల్యముగా గట్టి మంచుమీద దానిని అంచుపై నిలుపుటకు ఎక్కువ శ్రమ కావలెను, ఆ వెడల్పు మోకాటిపై మోపు భారమును హెచ్చు.

ఇంతవరకు అంగడివాడును చెప్పును. అతడు సాధారణముగా చెప్పని భేదము మరియొకటి కలదు. సన్ననిది నిజము చెప్పును, వెడల్పుది క్షమించును. సన్నని స్కీపై మడమలమీదికి వెనుకకు వాలి నిలుచున్నచో అది మలుపు తిరుగుటకు నిరాకరించును. బరువును సకాలమున వెలుపలి కాలిమీదికి మార్చినచో, దిగివచ్చి వెనుకకు తిరిగి చూచినపుడు, కొండచరియపై కలముతో గీచినట్లు రెండు సన్నని గీతలు వంపుదిరిగి కనబడును. మార్చనిచో గీతలకు మారుగా చీపురుతో ఊడ్చిన బాటవంటి చెదరిన చార మాత్రమే మిగులును. వెడల్పు స్కీ, అందును ముక్కు లేచినది, ఈ రెండవ విధముగా జారుటను మిక్కిలి సుఖకరముగా చేయును గనుక, దానిపై పోవువాడు తన తప్పును తెలియక, అభివృద్ధి చెందుచున్నానను తృప్తితోనే సంవత్సరములు గడుపవచ్చును. క్షమ గొప్ప గుణమే. గురువునందు అది ఎంతవరకుండవలెనో నిర్ణయించుటయే కష్టము.

అధికారులను ఉత్తమ, మధ్యమ, మందులని మూడు తెగలుగా విభజించుట మన శాస్త్రములలో పరిపాటి. మందాధికారి విషయమున చిక్కులేదు. గురువు ఏది చేతికిచ్చిన అది పట్టుకొని నేర్చుకొనును. ఉత్తమాధికారి విషయమున నంతకన్నను లేదు. అతని చేతికి ఏది వచ్చినను అది అతని మాట వినును. చిక్కంతయు నడుమనున్నవానిది. వాడు తన దౌర్బల్యమును పూర్తిగా మరచునంత నేర్వలేదు, ఇతరుల కౌశలమును ఊహించుకొనజాలనంత అజ్ఞుడును గాడు. ఎవ్వరి అడుగును పడని మెత్తని మంచులో నిపుణులు దుమ్ము రేపుచు దిగుచున్న చలనచిత్రములను చూచినాడు; తాను మాత్రము నీలిరంగు గుర్తు వేసిన సులువు బాటలలోను, ధైర్యము కలిగిన దినమున ఎఱ్ఱగుర్తు బాటలలోను తిరుగుచున్నాడు. స్కీలు కొనునపుడు ఈ రెండు కొండలలో ఏ కొండకు కొనును? నూటికి తొంబదిమంది, నేను చూచినంతలో, చలనచిత్రపు కొండకే కొందురు. భగవద్గీత మూడవ యధ్యాయమునను పదునెనిమిదవ యధ్యాయమునను స్వధర్మమును గూర్చి చెప్పిన మాటను మనము కులవృత్తులకు ముడిపెట్టి వాదించుకొనుచు, అది ఇట్టి చోట్ల ఎంత సూటిగా తగులునో గమనింపము. పరధర్మము భయావహమగుటకు అది పరులదగుటయే కారణము గాదు. మన కాళ్లు నిలిచియున్న చోటినుండి మన చూపును తప్పించుటయు నొక కారణమని నా యభిప్రాయము. ఈ సందర్భమున వంశధార యొడ్డున శాలిహుండం కొండమీది స్తూపశిథిలములను చూచివచ్చినవారు బౌద్ధుల మధ్యమమార్గమును ప్రస్తావింతురేమో. ఆ మధ్యమము రెండు అతిశయములను విడుచుట. ఈ మధ్యమము రెంటిలో దేనినిగూడ ఇంకను అందుకొనలేకపోవుట.

మన ప్రాంతపు దేవతారాధనమును చూచినవారికి, ఇక్కడివారందరును ఆల్ మౌంటెన్ పక్షమువారే యని తోచుట సహజము. రథసప్తమి నాటికి అరసవల్లిలో సూర్యనారాయణస్వామి, శివరాత్రికి శ్రీముఖలింగములో మధుకేశ్వరుడు, ఆ నడుమ శ్రీకూర్మములో కూర్మరూపుడగు విష్ణువు, విజయదశమి దాటిన మంగళవారమునాడు విజయనగరమున పైడితల్లి అమ్మవారు: ఒకే కుటుంబము ఒకే సంవత్సరమున ఈ నలుగురిని సేవించి, ఒకరి యెదుట మరియొకరి పేరు చెప్పుటకు జంకదు. ఆ అమ్మవారి యుత్సవమున సిరిమాను చివర పూజారిని కూర్చుండబెట్టి కోటకును, మూడు లాంతర్ల యొద్దనున్న గుడికిని నడుమ త్రిప్పునపుడు అరటిపండ్లు విసరుచున్న జనసమూహములో శైవుడెవ్వడు, వైష్ణవుడెవ్వడు అని లెక్కించబూనుట వృథాశ్రమ. ఒక మార్గమున నిష్ఠగలవారు దీనిని చూచి, ఇది భక్తిగాదు, ఎల్లవారికిని నమస్కారముపెట్టి ఎవ్వరిని కోపపరుపకుండుటయే యని ఆక్షేపింతురు. ఆక్షేపణలో కొంత సత్యము లేకపోలేదు.

ఐనను అరసవల్లి గుడిలోనికి పోయి కొంచెము నిలిచి చూడవలెను. గాంగవంశీయుడగు దేవేంద్రవర్మ ఏడవ శతాబ్దిలో కట్టించెనని చెప్పబడు ఆ యాలయమున సూర్యునితో బాటు అంబిక, విష్ణువు, గణపతి, మహేశ్వరుడు కూడ నెలకొనియున్నారు. స్మార్తుల పంచాయతనపద్ధతి యిదియే. మార్చిలోను అక్టోబరులోను కొలది దినములు ఉదయకిరణములు వాకిళ్లు దాటి మూలవిరాట్టు పాదములను తాకుననుట జగద్విదితము. ఆ కిరణములు తాకునది నడుమనున్న ఆదిత్యుని పాదములను మాత్రమే. తక్కిన నలుగురిని గాదు. ఇండ్లలో పంచాయతనమునకు గండకీనదిలోని సాలగ్రామము విష్ణువునకు, నర్మదలోని బాణలింగము శివునకు, శోణనదిలోని ఎఱ్ఱరాయి గణపతికి, మన స్వర్ణముఖిలోని రాయి అమ్మవారికి, వల్లములో దొరకు స్ఫటికము సూర్యునకు అని ఐదు చోట్లనుండి తెచ్చిన ఐదు రాళ్లను ఒక చిన్న పళ్లెములో నుంతురు. ముక్కు లేదు, ముఖము లేదు, అలంకారము లేదు. కడిగి తుడిచి పెట్టుటకు అరచేయంత చోటు చాలును. ఈ పూజలో నాకు మిక్కిలి ఆలోచన గలిగించు నియమము, ఆ ఐదింటిని సమానముగా వరుసగా పేర్చరాదనుట. పూజించువాడు తన యిష్టదైవమును నడుమ నుంచి, తక్కిన నలుగురిని నాలుగు మూలల నుంచవలెను. నడుమ నెవ్వరో నిశ్చయింపనిదే పళ్లెము సర్దుటయే కుదరదు. విశాలతను కోరువానిని సైతము ఆ పద్ధతి మొదట ఒక్కటి యెన్నుకొమ్మని నిర్బంధించుచున్నది.

కళింగదేశపు రాజులకును ఈ నిర్బంధము తప్పినట్లు లేదు. 1078లో సింహాసన మెక్కిన అనంతవర్మ చోడగంగదేవుడు తొలినాళ్ల శాసనములలో మహేంద్రగిరి గోకర్ణేశ్వరుని భక్తుడగు పరమమాహేశ్వరుడు. తరువాతి శాసనములలో పరమవైష్ణవుడు. పురీ జగన్నాథుని మహాలయమునకు మూలపురుషుడు. దీనిని మతము మార్చుకొనుట యనువారును, రాజ్యము ఉత్తరమునకు పెరిగిన కొలది రాజనీతి మారుట యనువారును కలరు. రెండును గావచ్చును. నాకు తోచునదేమనగా, ఆతడు వంశధారాతీరమున శైవుడై చిరకాలము నిలిచిన పిదపనే సముద్రతీరమున వైష్ణవుడైనాడు. రెంటిని ఒక్కనాడే నెత్తిన బెట్టుకొని బయలుదేరలేదు. దీనికి ప్రతిగా శ్రీకూర్మములోని నరహరితీర్థుని శాసనములను జూపవచ్చును. మధ్వాచార్యుల శిష్యుడగు ఆ యతి కళింగమున రాజ్యకార్యములను నిర్వహించుచు, 1281లో అచ్చట యోగానంద నరసింహుని ప్రతిష్ఠించినవాడు. లోకవ్యవహారములో ఎంతెంత దూరము తిరిగినను ఆతని సిద్ధాంతము ద్వైతమే, వెంట్రుకవాసి చలింపలేదు. గట్టి మంచుపై సన్నని అంచువలె నిలిచిన పురుషుడు.

ఇక విజయనగరమునకు వత్తము. 1919లో విజయరామ గజపతి స్థాపించిన గానపాఠశాలలో ఈ సమస్యలోని రెండు పక్షములును రెండు మనుష్యరూపములు దాల్చి, ఒకే కప్పు క్రింద పదునేడేండ్లు కొలువుదీరినవి. బొబ్బిలి దాపున అజ్జాడలో 1864లో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. వారి చేతిలో వీణ, కాలికి గజ్జె, నోట సంస్కృతాంధ్రములతో బాటు పారశీకము, ఆంగ్లము. ఒమర్ ఖయ్యాము రుబాయతులను సంస్కృతములోనికిని అచ్చ తెనుగులోనికిని దింపినారు, కాళిదాసును షేక్స్పియరును ప్రక్కప్రక్కన గూర్చుండబెట్టి నవరసతరంగిణి వ్రాసినారు, తొంబది రాగములను ఒకే రచనలో మాలగా గ్రుచ్చినారు, చేతులతోను కాళ్లతోను శిరస్సుతోను వేర్వేరు తాళములు నిర్వహించి సభలను దిగ్భ్రమ పరచినారు. వారు ఎక్కని కొండ, దిగని వాలు లేదు. అదే సంవత్సరమున ఇరువదియారేండ్ల ప్రాయములో వయొలిన్ ఆచార్యులై వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతిలో నున్నది ఒక్క కమాను. దృష్టిమాంద్యము గల ఆ మహానుభావుడు 1936లో దాసుగారి పిమ్మట అధ్యక్షులై, 1941లో సంగీతకళానిధియై, 1964లో కన్నుమూయు వరకును ఆ నాలుగు తంత్రులను విడిచి వేరొకటి కోరినట్లు కనబడదు. ప్రక్కవాద్యముగా గాయకుని నీడలో కూర్చున్న వయొలిన్ ను సభకు నడిమి యాసనమున గూర్చుండబెట్టినవారిలో వారు అగ్రగణ్యులు.

ఈ యిరువురిలో ఎవ్వరు గొప్పవారని అడుగుట మూర్ఖత్వము. ఐనను దగ్గరకు పోయి చూచినచో, దాసుగారి వైశాల్యమునకు నడుమ హరికథ యను ఒక్క పీఠము కలదు. సంగీతము, నృత్యము, పాండిత్యము, బహుభాషాప్రజ్ఞ యన్నియు ఆ పీఠమునకు నాలుగు మూలల నిలిచిన దేవతలు. నాయుడుగారి సన్నదనములోనో, గాత్రము పలుకగలదంతయు కమానుచే పలికించవలెనను మహావైశాల్యము దాగియున్నది. ఇద్దరును ఉత్తమాధికారులు గనుక వారికి పరికరము అడ్డుగాలేదు. నాకు పట్టినది వారి తరగతిగదులలో కూర్చున్న విద్యార్థి. చాపపై బాసిపట్టు వేసికొని, వయొలిన్ తలను కుడికాలి చీలమండపై ఆనించి, మాయామాళవగౌళలో సరళీవరుసలను మూడు కాలములలో సాధించుచున్న ఆ మధ్యముని యెదుట మెట్లు లేవు. వీణకు ఇరువదినాలుగు మెట్లుండి వ్రేలికి దారి చూపును. వయొలిన్ పలక నున్నగా నుండి, వ్రేలు నువ్వుగింజంత జరిగినను శ్రుతి జరిగినదని వెంటనే చెవికి చెప్పును. ఆ చెప్పుట నిర్దయముగా నుండును. ఇంట నున్నవారికి మరింత నిర్దయముగా నుండునని వయొలిన్ విద్యార్థి పొరుగున కాపురమున్నవారందరును సాక్ష్యమీయగలరు. ఐనను ఆ వాద్యముపై నేర్చినవానికి తన తప్పు ఎచ్చటనున్నదో ఇతరులు చెప్పనక్కరలేకపోవుట, దానివలన లభించు మహోపకారము.

కావున మధ్యమాధికారి సన్ననిదే కొనవలెనని నా పక్షము. ఇది తన కాలి క్రింది నేల ఒప్పుకొన్నపుడు మాత్రమే యను నియమమును మాత్రము దాచిపెట్టరాదు. మన దేశములోనే రెండు మంచుకొండలను తీసికొందము. ఉత్తరాఖండములోని ఔలీ వాలు యంత్రములతో చదును చేయబడిన బాట. అచ్చట 75 మిల్లీమీటర్ల నడుముగల జతపై నేర్చుకొనుచున్నవాడు ప్రతిమలుపునకును నిజము వినును. కాశ్మీరములోని గుల్మార్గ్ వేరు. అచ్చట తీగెబండి అఫర్వత్ శిఖరపు భుజముమీదికి, సముద్రమట్టమునకు 3,900 మీటర్లకు పైగా, మనుష్యుని మోసికొనిపోయి దింపును. దింపినచోట చదును చేసిన బాట లేదు, మోకాలిబంటి మెత్తని మంచు మాత్రమున్నది. అచ్చట సన్నని స్కీ నిజము చెప్పుటకు ముందే కూరుకొనిపోవును. గుల్మార్గ్ పై వాలులలోనే సెలవులన్నియు గడుపువాడు నా మాట విని పిస్ట్ జత కొన్నచో ఆ పాపము నాది. అధికారమనగా సామర్థ్యము మాత్రమే కాక, దేశము, కాలము, ప్రయోజనము కూడ నని పూర్వులు ఊరక చెప్పలేదు. ఒక్క సంగతి: మెత్తని మంచుగల పై వాలులకు పోవుటకు తగిన మార్గదర్శకుడును, మంచుచరియలు విరిగిపడుటను గూర్చిన జ్ఞానమును స్కీల వెడల్పులో చేరియుండవు, వెడల్పు జత కొన్నంతమాత్రమున కొండ తనను అంగీకరించినదని భ్రమించువానికి ప్రాణాపాయము సైతము కలదు.

నా పక్షమునకు మరియొక బలమైన యాక్షేపము మిగిలియున్నది. దానిని తెచ్చినది శాస్త్రము గాదు, సూర్యుడే. ఉదయము అద్దమువలె నున్న బాట మధ్యాహ్నమగుసరికి వేలకొలది జనుల మలుపులచే గుల్లబారి, ఎండకు మెత్తబడి, గుట్టలు గుట్టలై పోవును. ఉదయపు పిస్ట్ స్కీ అప్పుడు ప్రతి గుట్టకును తట్టుకొని కాళ్లను అలయించును. ఉదయము అనవసరమని తోచిన ఆల్ మౌంటెన్ జత అప్పుడే తన యోగ్యతను చూపును. ఇందులకే కొందరు 78, 80 మిల్లీమీటర్ల నడుముగల జతలను ఎన్నుకొని, ఇరుపక్షములకును అర్ధార్ధము లొంగి, సుఖముగా నుందురు. వారిని తప్పుపట్టుటకు నాయొద్ద యుక్తి లేదు. నిష్ఠగా సన్నని జతనే పట్టుకొని, ఉదయము ఎనిమిదిన్నరకే తొలి బండిలో పైకి పోయి, బాట చెడకముందే తన గీతలు తాను గీచికొని, రెండు గంటలకు దిగివచ్చి, బూట్లు విప్పి, టీ త్రాగుచు, కిటికీలోనుండి ఇతరులు గుట్టలలో పడిలేచుట చూచువాడు మాత్రము, ఆ మిగిలిన ప్రొద్దును ఎట్లు గడుపవలెనో నన్నడిగినచో, మరునాటికి అంచులు సానబెట్టుకొమ్మని చెప్పుదును.